వేపాకు పక్క

“పొయ్యి మీద నూనె పెట్టిందెవరు?”

కరియమ్మ వాకిట్లో కూర్చునే అడిగింది. డెబ్భై రెండేళ్ళు నిండినా ఆమె ముక్కు మాత్రం ఇంకా పడుచుదే.

“నేనే అవ్వా. చారులోకి రెండు ఆవాలు వేస్తాండా, అంతే,” అంది రక్షిత వంటింట్లోంచి.

“దించు. అమ్మవారు ఇంట్లో ఉండంగ తాళింపు ఏందే? ఈడ ఆవాలు చిటపటమంటే ఆడ మీ అమ్మ ఒళ్ళంతా చిటపటమంటాది. నాలుగు దినాలు నాలిక కట్టుకోలేవా?”

“నాలుగు దినాలూ పెరుగన్నమే తింటి కదవ్వా. నాకు పరీక్షలుండాయి. ఇట్లా తింటే యాడ చదివేది?”

“చదువు యాడికీ పోదు. దించు.”

బాణలి కింద పెట్టిన చప్పుడు కావలసిన దానికంటే గట్టిగానే వినిపించింది.

నడిమింట్లో శివపార్వతి కళ్ళు మూసుకుని అత్త మాటా, కూతురి మాటా వింటోంది. కింద చాప, చాప మీద తెల్ల పంచె, పంచె మీద వేపాకు. బేస్తవారం పొద్దున కరియమ్మ తన చేతుల్తో పరిచిన పక్క అది. ఆ రోజే వాకిలికి రెండు పక్కలా వేపమండలు కట్టింది. గడప ముందు పసుపునీళ్ళ చెంబు పెట్టింది. బయటివాళ్ళు కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రాకూడదు. ఇంట్లోవాళ్ళు తల దువ్వుకోకూడదు, సబ్బు ముట్టకూడదు, మందు మాట ఎత్తకూడదు. తొమ్మిది రోజులు ఇదీ కట్టడి. ఇవాళ ఆదివారం, నాలుగో రోజు.

మొహం మండుతోంది. పచ్చిమిరపకాయలు నూరి చెంపలకు పట్టించినట్టుంది. ముక్కు పక్కన, పెదాల మూలల్లో చర్మం పగిలి, ఆవులించబోయినా చీలుతోంది. కళ్ళ కింద వాపు. నుదుటి మీదా గడ్డం మీదా సన్నసన్న ఎర్రటి పొక్కులు, వాటి చుట్టూ పొరలు పొరలుగా లేచిన పొట్టు.

ఆ పొక్కులు చూసే కరియమ్మ చేతులు జోడించింది. కోడలి ఒంటి మీదికి అమ్మవారు వచ్చిందని వీధి ఈ చివర నుంచి ఆ చివరికి చెప్పి వచ్చింది.

అది అమ్మవారు కాదని శివపార్వతికి తెలుసు. నాలుగు రోజులుగా తెలుసు. నోరు మెదపలేదు.

రక్షిత కొబ్బరిబొండం నీళ్ళు గ్లాసులో పోసుకుని లోపలికొచ్చి, తలుపు ఓరగా వేసింది. గ్లాసు తల్లి చేతికివ్వలేదు. చున్నీలోంచి చిన్న ట్యూబు తీసి ఆమె కళ్ళ ముందు పట్టుకుంది.

“ఇదేందమ్మా?”

శివపార్వతి చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంది. “యాడ దొరికింది?”

“నీ డ్యూటీ బ్యాగులో. పెన్ను కోసం తీస్తి. చీటీ కూడా ఉండాది, సత్యనారాయణపేట డాక్టరమ్మది. ముడతలకి మందు ఇది. ఫోన్‌లో చూస్తి నేను. శురువులో ఎర్రగా అయితాదంట, పొట్టు లేస్తాదంట, మండుతాదంట. అమ్మవారు కాదిది.”

“మెల్లగా మాట్లాడు.”

“చీటీలో వారానికి రెండు రాత్రులని రాసుండాది. బఠాణీ గింజంత అని రాసుండాది. నువ్వెంత రాసినావు?”

ఏమని చెబుతుంది? మూడు వారాల కిందట గెస్ట్‌హౌస్ సూపర్‌వైజరు సిద్ధేశ్ డెస్క్ మీద మోచేతులు ఆనించి, నవ్వుతూనే అన్నాడు. “మేడం, వచ్చే నెల కొత్త కాంట్రాక్టరు వస్తాండాడు. ఫ్రంట్ డెస్క్‌కి ఫ్రెష్ ఫేస్ కావల్లంట. మీరు సీనియరు, కింద లాండ్రీ సెక్షన్ చూసుకోండి. నెమ్మదిగా ఉంటాది.” ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికైనా వీలుండేది.

తోరణగల్లు ఉక్కు కంపెనీ టౌన్‌షిప్పులో ఆ డెస్క్ వెనక కుర్చీలో శివపార్వతి తొమ్మిదేళ్ళుగా కూర్చుంటోంది. వాళ్ళమ్మ హచ్చొళ్ళి ఊరి మడుల్లో నాట్లు వేసింది. అమ్మమ్మా అదే చేసింది. వాళ్ళకు పనంటే వంగడమే. కుర్చీలో కూర్చుని, పెన్ను పట్టుకుని, వచ్చినవాళ్ళ చేత “మేడం” అనిపించుకున్న మొదటి ఆడమనిషి ఆ వంశంలో తనే. వెనకటి మేనేజరు ఆమె పేరు రాయించి పెట్టిన పలక ఇంకా డెస్క్ మీదే ఉంది. ఆ పలక తీసుకుని లాండ్రీలోకి దిగితే ఏ దుప్పట్ల మధ్య పెట్టుకోవాలి?

సోమవారం పన్నెండింటి లోపల కొత్త కాంట్రాక్టరు మనుషులు అందరి మొహాలూ హాజరు మిషన్‌లో ఎక్కించి, ఎవరు ఎక్కడో తేల్చేస్తారు. రానివాళ్ళ చోటు వచ్చినవాళ్ళకు పోతుంది. ఆ సోమవారం రేపే.

ముడతలు తగ్గాలంటే మూడు నెలలైనా పడుతుందని డాక్టర్ ఝాన్సీలక్ష్మి ముందే చెప్పింది. శివపార్వతి చేతిలో ఉన్నది మూడు వారాలు. మూడు నెలల పని మూడు వారాల్లో కావాలంటే నాలుగింతలు రాయాలి కదా అనుకుంది. రోజూ రాత్రి, అందరూ పడుకున్నాక, వెన్న పూసినట్టు పూసింది. ఆరో రోజుకి పొట్టు లేవడం మొదలైతే భయపడలేదు సరికదా సంతోషించింది. వడ్లకు పొట్టు పోతేనే కదా బియ్యం తెల్లగా కనపడేది అనుకుంది. ఆ పొట్టు తొందరగా పోవాలని, చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన ప్రకారం పొద్దున్నే శనగపిండిలో పసుపు కలిపి, ఒకటికి రెండుసార్లు గట్టిగా రుద్దుకుంది. రుద్దుకున్న మొహంతోనే వెళ్ళి కంపెనీ బస్సు కోసం బళ్ళారి ఎండలో నిలబడింది.

“రోజూ రాస్తి,” అంది చివరికి. “మందంగా.”

“పొద్దున శనగపిండి కూడానా?”

“అదీ.”

రక్షిత గ్లాసు కింద పెట్టి తల పట్టుకుంది. “అవ్వకు చెప్పు. ఇప్పుడే చెప్పి డాక్టరమ్మ దగ్గరికి పోదాం. రేపు నువ్వు పోకపోతే నీ కుర్చీలో ఆ పడుచు పిల్ల గౌతమిని కూర్చోపెడతారు. నువ్వే కదా అంటివి.”

“ఏమని చెప్పేదే? నలభై ఆరేండ్లు నాకు. డిగ్రీ చదివే బిడ్డ ఉండాది. అద్దం ముందర నిలబడి ముడతలకి మందు పూసుకుంటి, దానికి మీరు కొబ్బరికాయ కొట్టినారు అని చెప్పల్లా?”

రక్షిత పెదాలు అదిరాయి. అది నవ్వో ఏడుపో ఆ పిల్లకే తెలిసినట్టు లేదు.

“చెప్తాలే,” అంది శివపార్వతి. “సాయంత్రం చెప్తా. వీధోళ్ళు వచ్చి పోనీ.”

*

వీధోళ్ళు నాలుగింటికి వచ్చారు. ఎదురింటి అంబిక ముందు, ఆమె వెనక ఇంకో అయిదారుగురు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో చెంబు, చెంబు మీద వేపరెమ్మ. గడప ముందు కాళ్ళు కడుక్కుని, కొంగు నెత్తి మీదికి లాక్కుని, నడిమింట్లోకి వచ్చి గోడవారగా కూర్చున్నారు.

“మొగం చూడు, ఎట్లా ఎర్రగా వెలుగుతాండాదో,” అంది ఒకామె గుసగుసగా.

“ఇంత పెద్ద వయసులో రావడం మంచిది కాదంటారు కదక్కా.”

“ఆయమ్మకి వయసేంది? ఎవరింటికి రావల్లనుకుంటే వాళ్ళింటికి వస్తాది,” అంది అంబిక. అని, పక్క దగ్గరికి జరిగి, శివపార్వతి కాళ్ళకు దండం పెట్టింది. “తల్లీ, మా ఎదురింటికి వచ్చినావు. మా పిల్లోళ్ళ జోలికి రావద్దు. చల్లగా ఉండు.”

పోయిన వారమే ఇదే అంబిక కుళాయి దగ్గర బిందె అడ్డం పెట్టిందని శివపార్వతితో అరగంట పోట్లాడింది.

అందరి దండాలూ అయ్యాక కరియమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగి, కోడలి కాళ్ళ దగ్గర పళ్ళెం పెట్టి కూర్చుంది. శివపార్వతి కాళ్ళు వెనక్కి లాక్కోబోయింది. ముసలామె చీలమండలు పట్టుకుని మళ్ళీ పళ్ళెంలోకి లాగింది.

ఇరవై మూడేళ్ళ కాపురంలో కరియమ్మ ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. కోపం లేనప్పుడు “ఏమ్మే” అనేది. కోపమొస్తే “ఆఫీసరమ్మా” అనేది.

వేపనీళ్ళు చల్లగా పాదాల మీద పడ్డాయి. వాటి వెనకే కరియమ్మ గొంతు.

“శాంతించు తల్లీ. ఊరికే రాలేదు నువ్వు. నా మీద కోపంతో వచ్చినావు. నాకు గొత్తు, నాకు తెలుసు. ఈ పిల్ల మొదటి దినం డ్యూటీకి పోతాంటే, మొగోళ్ళ ముందర పళ్ళికిలించే పని అంటి. వీధంతా వినేటట్టు అంటి. దీని అమ్మ సచ్చిపోతే, నా మోకాళ్ళు నొస్తాండాయి, మూడో దినానికే రావల్లని ఫోన్ చేపిస్తి. వచ్చింది. ఏడ్చుకుంటానే రొట్టెలు చేసింది. ఒక్క మాట తిరిగి అనలేదు. అవన్నీ చూసే వచ్చినావు నువ్వు. తప్పాయితు తల్లీ, తప్పయిపాయ. ఆ తప్పుకి నన్ను కొట్టు. దీని మొగం మీద గుంటలు పడనీయొద్దు. పదిమందిలో కూర్చుని పని చేసే పిల్ల. దీని మొగం దీనికి ఇచ్చి పో.”

ఎవరో కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

ఈ మాటల్లో సగం విన్నా చాలని శివపార్వతి ఎన్ని రాత్రులు అనుకుంది. వినాల్సిన మాటలన్నీ ఇవాళ వచ్చాయి. వచ్చినవి తన కోసం కాదు. కన్నీళ్ళు చెంపల మీద పగుళ్ళలోకి దిగి భగ్గుమన్నాయి.

“అమ్మవారు ఏడుస్తాండాది,” అంది అంబిక. “కరిగింది. కరియమ్మత్తా, నీ మాట విన్నాది.”

గుమ్మం దగ్గర నిలబడిన రక్షిత తల్లి వైపే చూస్తోంది. శివపార్వతి తల తిప్పుకుంది.

ఆ సాయంత్రం ఆమె అత్తకు ఏమీ చెప్పలేదు.

*

జీన్స్ కుట్టే యూనిట్ నుంచి దుర్గప్ప వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. ఆదివారం సగం పూటే పనని పేరు, అయిదు దాటందే వదలరు. పొద్దంతా గుడ్డ కత్తిరించిన చేతులు మణికట్ల దాకా నీలంగా ఉన్నాయి. గడప దగ్గర కాళ్ళు కడుక్కుని, భార్య పక్కకు దూరంగా గోడకానుకుని కూర్చున్నాడు.

“ఎట్లుండాది?”

“రేపు నేను పోవల్ల,” అంది శివపార్వతి.

“యాడికి?”

“డ్యూటీకి. కొత్త కాంట్రాక్టరు వస్తాండాడు. రేపు మొగం చూపించకపోతే డెస్క్ పోతాది.”

“దాని గురించి నువ్వేం దిగులు పడొద్దు పార్వతీ. బేస్తవారమే సిద్ధేశ్ సారుకి ఫోన్ చేసి చెప్తి. అమ్మవారు వచ్చింది సార్, తొమ్మిది దినాలు లీవు ఇయ్యండి అంటి. మర్యాదగానే చెప్తి.”

శివపార్వతి లేచి కూర్చుంది. పంచె మీది వేపాకు గరగరమంది. “ఏమన్నాడు?”

“చికెన్‌పాక్సా అన్నాడు. హా సార్ అంటి. ఇంగ్లీషులో అదే కదా.” తను చేసిన పని సరిగ్గా చేశాననే నెమ్మది అతని గొంతులో ఉంది. “తర్వాత ఏందో మెసేజ్ కూడా పంపినాడు. ఇంగ్లీషులో ఉండాది. రక్షితకి చూపిద్దామని మరిచిపోతి.”

“ఏదీ?”

అతను ఫోన్ నేల మీద జార్చి ఇచ్చాడు. పక్క ముట్టుకోకూడదు.

శివపార్వతి చదివింది. మళ్ళీ చదివింది. అంటువ్యాధి కేసు కింద మీ గేట్ పాస్ ఇరవయ్యొక్క రోజులు ఆపినాము. అంతకుముందే రావాలంటే అంటువ్యాధి లేదని డాక్టరు సర్టిఫికెట్ తేవాలి, దానిని కంపెనీ డాక్టరు చూడాలి. అందాకా డెస్క్ చార్జి గౌతమికి.

కరియమ్మ వేసిన తొమ్మిది రోజుల మీద కంపెనీ ఇంకో పన్నెండు వేసింది.

“ఏమైంది? ఏం రాసినాడు?” అన్నాడు దుర్గప్ప.

ఆమె చెప్పింది. మెసేజ్ సంగతి చెప్పి, ఆగలేక మిగతాదంతా చెప్పేసింది. సిద్ధేశ్ మాట, సత్యనారాయణపేట డాక్టరు, ట్యూబు, శనగపిండి. గొంతు పెంచకుండా, నేల వైపు చూస్తూ చెప్పింది. ఇంతకంటే చెప్పడానికేమీ లేదనిపించినప్పుడు ఆపేసింది.

దుర్గప్ప బొటనవేలి గోరుతో చూపుడువేలి గోటి కింది నీలం గీకుతూ కూర్చున్నాడు. అది సబ్బుకే పోదు.

“ఎవరికి కనపడల్లని రాసుకుంటివి?” అన్నాడు.

శివపార్వతి తలెత్తింది.

“ఊరికే అడుగుతాండా. చెప్పు. ఎవరికి కనపడల్లని?”

“కుర్చీ కోసమని చెప్తి కదా.”

“కుర్చీకి కండ్లుంటాయా? నాకూ వచ్చినాయి ముడతలు. నేనేం రాసుకుంటి?”

“నిన్ను మొగం చూసి కత్తెర ముందర నుంచి లేపుతారా? నీకు చేతులు చూస్తారు. నాకు మొగం చూస్తారు. తొమ్మిదేండ్లు ఒక్క తప్పు రాయకుండా పని చేస్తి. అది ఎవరూ చూడలేదు.”

“పదిమంది చూసే పని వద్దని మా అమ్మ మొదటి దినమే అన్నాది.”

“నువ్వు కూడా అదే అంటావా?”

అతను లేచి, చొక్కా దులుపుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

“అమ్మకి చెప్పొద్దు. వీధందరి ముందర నీ కాళ్ళు కడిగిందంట. అది తెలిస్తే ఆమె బతకదు.”

అతను బయటికి పోయాక శివపార్వతి ఆ మాటనే తిరగేసుకుంటూ కూర్చుంది. తన గురించి అతను అడిగింది ఒక్కటే ప్రశ్న, ఎవరికి కనపడల్లని. ఇరవై మూడేళ్ళు ఒకే కప్పు కింద ఉన్న మనిషికి వేరే ప్రశ్న తోచలేదు.

రక్షిత చప్పుడు కాకుండా వచ్చి ఫోన్ ఆమె చెవికి ఆనించింది. “డాక్టరమ్మ. ఫోటో పంపిస్తే తనే చేసింది. మాట్లాడు.”

“శివపార్వతిగారా? ఫోటో చూశాను,” అంది ఝాన్సీలక్ష్మి. తిడుతుందనుకుంటే ఆమె గొంతులో అలసట తప్ప ఏమీ లేదు. “మొదట్లో కొంచెం ఎర్రబడడం, పొట్టు లేవడం మామూలేనని చెప్పాను. ఇది మామూలు కాదు, కాల్చుకున్నారు. ఆ ట్యూబు పక్కన పెట్టేయండి. పసుపు, శనగపిండి, వేపాకు నీళ్ళు, ఏదీ మొహానికి తగలకూడదు. ఒట్టి నీళ్ళతో కడిగి నేను రాసిన మాయిశ్చరైజర్ రాయండి, ఎండలోకి పోవద్దు. రెండు వారాలకి చల్లబడుతుంది. మచ్చలు పడతాయా లేదా అన్నది మీరు గిల్లకుండా ఉండడం మీద ఉంటుంది.”

“అంటుకునేది కాదని రాసిస్తారా మేడం? డ్యూటీకి కావాలి.”

“చూడకుండా రాయను. రేపు పొద్దున ఎనిమిదికి క్లినిక్‌కి రండి. ఎనిమిదిన్నరకి నేను వేరే ఆసుపత్రికి పోవాలి, మళ్ళీ సాయంత్రమే.”

“అందులో ఏమని రాస్తారు?”

“ఏమైందో అదే. ముడతల క్రీము ఎక్కువ వాడడం వల్ల వచ్చిన రియాక్షన్, అంటువ్యాధి కాదు.”

“క్రీము సంగతి రాయకపోతే కాదా?”

“మీ కంపెనీ డాక్టరు ఎందుకొచ్చిందని అడుగుతాడమ్మా. అబద్ధం రాయలేను కదా.”

ఆ కాగితం ముందు సిద్ధేశ్ చేతిలో పడుతుంది. ఫ్రెష్ ఫేస్ కావాలన్న మనిషే అది చదువుతాడు. చదివి, మంచివాడు కాబట్టి, నవ్వడు. గౌతమి నవ్వదు. లాండ్రీలో వాళ్ళకు తెలిశాక ఎవరో ఒకరు నవ్వుతారు. అయినా ఆ కాగితం తప్ప కుర్చీ దగ్గరికి ఇంకో దారి లేదు.

“ఎనిమిదికి వస్తా మేడం,” అంది శివపార్వతి.

*

సోమవారం ఏడున్నరకి ఆమె పెట్టెలోంచి యూనిఫాం చీర తీసి కట్టుకుంది. నాలుగు రోజులుగా దువ్వని జుట్టు చేత్తోనే ముడి వేసింది. మొహానికి అడ్డంగా రక్షిత చున్నీ చుట్టుకోబోతే గుడ్డ తగిలిన చోటల్లా గీరుకుపోయింది. తీసేసింది.

దుర్గప్ప ఆరింటికే యూనిట్‌కి వెళ్ళిపోయాడు. మామూలుగా ఎనిమిదికి పోయే మనిషి. రక్షిత ఆటో తేవడానికి మెయిన్ రోడ్డుకి పరుగెత్తింది.

వాకిట్లో కరియమ్మ చెంబులో పసుపు కలుపుతోంది. అడుగుల చప్పుడు విని తలెత్తింది. చీర చూసింది. కాళ్ళకున్న చెప్పులు చూసింది.

“యాడికి తల్లీ?” అంది. ఇంకా ఆ గొంతే, నిన్నటి మెత్తటి గొంతు.

శివపార్వతి గడప ఇవతలే కూర్చుంది. నిలబడి చెప్పే మాట కాదది.

“అత్తా, ఇది అమ్మవారు కాదు.”

కరియమ్మ చెంబులో చెయ్యి అట్లాగే ఉంచింది.

“ముడతలకి మందు రాసుకుంటి. డాక్టరు కొంచెం రాయమంటే నేను ఎక్కువ రాస్తి. కాలింది. డెస్క్‌లో పడుచోళ్ళు కావల్లంట. అందుకని రాస్తి. మీరు దండం పెట్టిన దినమే చెప్పల్ల. నోరు రాలేదు. ఈపొద్దు డాక్టరు దగ్గరికి పోయి కాగితం తేకపోతే నా కుర్చీ ఉండదు. పోనీయండి నన్ను.”

కరియమ్మ ఆమె మొహం చూసింది. భక్తి లేకుండా, నాలుగు రోజుల్లో మొదటిసారి, ఒక మనిషి ఇంకో మనిషిని చూసినట్టు చూసింది. తడి చెయ్యి చెంబులోంచి తీసి కోడలి కంటి పక్కకు తెచ్చి, తాకకుండా ఆపింది.

“నీకు యాడుండాయే ముడతలు?” అంది.

ఆ చేతి మీద ఒక గీత మీద ఇంకో గీతగా డెబ్భై రెండేళ్ళూ ఉన్నాయి. శివపార్వతి తల దించుకుంది.

వీధి చివర ఎవరో పాల మనిషిని కేకేస్తున్నారు.

“అయితే నిన్న నేను ఎవరి కాళ్ళు పట్టుకుంటి?”

“నావే అత్తా.”

కరియమ్మ మొహంలో రంగు మారింది. ఎరుపెక్కిందో, నల్లబడిందో, పసుపు చేతులతో ఒకసారి తుడుచుకున్నాక తెలియలేదు. “అందరి ముందర,” అంది తనలో తను. “అంబిక ముందర. అందరి ముందర చెప్పుకుంటినే.”

“అత్తా, మీరు అన్నది నేను మనసులో—”

“మాట్లాడొద్దు.”

ఎదురింటి తలుపు తెరుచుకుంది. అంబిక చెంబు పట్టుకుని వస్తోంది, నిన్నటి ఆడవాళ్ళంతా వెనకే. ఇవాళ ఇంకో ఇద్దరు కొత్తవాళ్ళు కూడా ఉన్నారు, పక్క వీధి నుంచి.

“కరియమ్మత్తా, అమ్మవారు లేచి వాకిట్లోకి వచ్చిందే,” అంది అంబిక గడప ముందు ఆగి. “ఏంది, యూనిఫాం చీర కట్టినారు?”

శివపార్వతి అత్త వైపు చూసింది. చెప్పేది ఆమే చెప్పనీ అనుకుంది. నాలుగు తిట్లు తిట్టి, వీధిలోకి తోసినా సరే. అప్పుడు నడుచుకుంటూ క్లినిక్‌కి పోవచ్చు.

కరియమ్మ గోడ పట్టుకుని లేచింది.

“అమ్మవారు అడిగింది,” అంది. గొంతులో వణుకు లేదు. “నా బిడ్డకి డ్యూటీ చీర కట్టు, చూస్తా అన్నాది. కడితిమి. రాండి, కాళ్ళు కడుక్కుని రాండి.”

శివపార్వతి మణికట్టు పట్టుకుని లేపింది. ఆ పట్టులో అంత బలం ఉందని ఇరవై మూడేళ్ళలో తెలియలేదు. ఇంట్లోకి నడిపిస్తూ, పెదాలు కదపకుండా, ఆమెకొక్కదానికే వినపడేటట్టు అంది. “నేను పట్టుకున్న కాళ్ళు అమ్మవారివే. తొమ్మిది దినాలు నిండేంత వరకు అమ్మవారివే. ఆ తర్వాత నువ్వెవరో నేనెవరో.”

“అత్తా, నా డెస్క్—”

“కూర్చో.”

వేపాకు మీద యూనిఫాం చీర కుచ్చిళ్ళు పరుచుకున్నాయి. కాళ్ళ చెప్పులు కరియమ్మే విప్పింది. పళ్ళెం వచ్చింది, నీళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వంగి దండాలు పెడుతున్నారు. పక్క వీధి ఆమె తన కూతురి పేరు చెప్పి, చల్లగా చూడమని అడిగింది. శివపార్వతి ఎదురుగా గోడ మీది గడియారాన్ని చూస్తోంది. ఎనిమిదీ అయిదు. ఎనిమిదీ పన్నెండు.

కాళ్ళు కడుక్కోకుండానే రక్షిత లోపలికి దూసుకొచ్చింది. గదిలో జనాన్ని, వేపాకు మీద తల్లిని చూసి నిలబడిపోయింది. చేతిలో ఫోన్ మోగుతోంది.

“అమ్మా,” అంది, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ. “ఆటో వచ్చింది. డాక్టరమ్మ ఫోన్ చేస్తాండాది. వస్తాండావా, లేదా? ఏం చెప్పల్ల?”

“డాక్టరేంది?” అంది అంబిక. “అమ్మవారికి డాక్టరేంది?”

తలలన్నీ శివపార్వతి వైపు తిరిగాయి. కింద, పళ్ళెంలో, నీళ్ళ అడుగున, ఆమె చీలమండ చుట్టూ కరియమ్మ వేళ్ళు బిగుసుకున్నాయి.

శివపార్వతి నోరు తెరిచింది. పెదవి మూల మళ్ళీ చీలింది.